మచ్చుకో కిటికీ

పోయిన వారం ప్రేమకుమారిని నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట పల్లెవెలుగు ఎక్కించి, సీటు దొరికిందో లేదో కూడా చెప్పకుండా వదిలేశాం. దొరకలేదు. చిల్లకల్లు దాటేదాకా నిలబడే వచ్చింది. అసలే కోపంగా బయల్దేరిన మనిషి. ఆ కోపం దారిలో చల్లారిపోకుండా ఉండడానికి ఈ నిలబడడం కూడా కొంత సాయపడింది.

మధ్యలో ఒక సంచిక పక్కింటివాళ్ళు పట్టుకుపోయి తిరిగివ్వని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. ఆమె మొగుడు ఇశ్రాయేలు నందిగామలో వెల్డింగు పనివాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో బేరం లేదు. గ్రిల్లు కిలో ముప్ఫై రెండు రూపాయలని చెప్తాడు. చెప్పి ఎదుటివాడి మొహం వంక చూస్తాడు. ఎదుటివాడు పలక్కపోతే కంగారుపడి, "పోనీ ముప్ఫై ఇవ్వండి" అంటాడు. ఆ మనిషి ఆవలించాడా, ఇరవై ఎనిమిది. ఇలా ఎవరూ అడగని తగ్గింపులు ఇచ్చుకుంటూ పోయి షాపు మూతపడే దశకి వచ్చాక, కొటేషన్లు రాయడం, వాటి వెంట తిరగడం, రేటు తేల్చడం అన్నీ ప్రేమకుమారి తన చేతిలోకి తీసుకుంది.

ఇప్పుడు ఆ చేతిలో ఉన్న పెద్ద కొటేషన్ ఒక్కటే. జగ్గయ్యపేటలో మిరపకాయల హోల్‌సేలు వ్యాపారి శ్రీమన్నారాయణ శెట్టిగారు కొత్తిల్లు కట్టుకుంటున్నారు. పది కిటికీలకి గ్రిల్లులు, వీధి వైపు రెండు రెక్కల గేటు. కొటేషన్ ఇచ్చాక పదకొండు శుక్రవారాలు తిరిగింది, పదకొండుసార్లు "పై శుక్రవారం రామ్మా" అనిపించుకుంది. మధ్యలో ఒక కిటికీ గ్రిల్లు మచ్చుకి చేసి ఇమ్మంటే, సరుకు నాణ్యం చూపించుకోవద్దా అని ఇశ్రాయేలు ఊరికే చేసిచ్చాడు. పోయిన శుక్రవారం శెట్టిగారు ఇంకో కోరిక కోరారు. "గేటుది కూడా ఒక రెక్క తీసుకురా తల్లీ, మచ్చుకి. నచ్చితే రెండో రెక్క నీదే."

రెక్క చెయ్యడానికి షెడ్డులో ఇనుము లేదు. ఈ ఆర్డరు రాకపోతే షెడ్డే ఉండదు. సిమెంటు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇవాళ పన్నెండింటికి కాగితాలు పట్టుకుని నందిగామ వస్తున్నాడు. సంతకం పెడితే ఇశ్రాయేలు మూడేళ్ళు ఫ్యాక్టరీలో ఫిట్టరు, మధ్యలో మానడానికి వీల్లేదు. సొంత షాపు కథ అంతటితో సరి. "పన్నెండు లోపు నీ కబురు రాకపోతే నేనే శెట్టిగారి కొట్టుకి ఫోను చేస్తా. కుదర్లేదన్నావా, సంతకం పెట్టేస్తా" అన్నాడు ఇశ్రాయేలు, బస్సు కదిలే ముందు. అదీ సంగతి. ఇక దిగుదాం.

దిగేసరికి తొమ్మిదిన్నర. శెట్టిగారి కొట్టు పూజలూ అవీ అయి తెరిచేసరికి పది. అరగంట వీధిలో నిలబడే బదులు ఆ కట్టే ఇల్లేదో ఒకసారి చూసొద్దామనుకుంది. పదకొండు వారాలుగా కొట్టు దాకా వచ్చి వెనక్కి పోవడమే గానీ ఆ ఇంటి మొహం చూసింది లేదు. గ్రిల్లు తెచ్చి అప్పగించింది కూడా కొట్లోనే. కొలతలు సైతం శెట్టిగారు నోటితోనే చెప్పారు. "మచ్చేగా, ఏ సైజైనా పరవాలేదమ్మా. నాలుగడుగులకి మూడున్నర ఉంటే చూడముచ్చటగా ఉంటది."

మూడు వీధులవతల ఇల్లు. సున్నాలు వేస్తున్నారు. ప్రేమకుమారి ఎదర నిలబడి చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

ముందు గది కిటికీకి హంసల గ్రిల్లు. దాని పక్క కిటికీకి తామరపూలు. వసారా వైపు పొద్దుపొడుపు, కిరణాలతో సహా. ఆపైన ద్రాక్షగుత్తులు. మూలగదికి సముద్రపు అలలు. మైలవరం పనివాడెవరో మరీ ముందుచూపు గలవాడు, పడగ్గది గ్రిల్లు మధ్యలో తన షాపు పేరు, ఫోను నంబరు ఇనప అక్షరాలతో అతికించి మరీ ఇచ్చాడు. శెట్టిగారు దాన్ని అలాగే బిగించేశారు. రేపు ఆయన పడుకుని కళ్ళు తెరిస్తే మొదట కనిపించేది ఆ నంబరే.

గుమ్మంలో నీళ్ళ బకెట్టుతో ఒకావిడ నిలబడి ఉంది. శెట్టిగారి భార్య కన్యకాపరమేశ్వరి గారు. పుట్టిల్లు కోదాడ పక్క. పెళ్ళై ముప్ఫై ఏళ్ళైనా ఆ మాట తీరు పోలేదు.

"నువ్వు ఏ కిటికీ తాలూకమ్మా?" అంది ఆవిడ.

"ఏంటండీ?"

"ఈ నెల రోజుల్నించి వెల్డింగోళ్ళు వస్తనే ఉన్నరు, మా మచ్చు ఏమైందని. ఎవరొచ్చినా నేను కిటికీని బట్టే గుర్తుపడతా. ద్రాక్షపండ్లాయన మొన్ననే వచ్చిపోయిండు."

ప్రేమకుమారి ఇంకోసారి ఆ కిటికీల వంక చూసింది. "మాది నెమలండి. నందిగామ."

"ఓ, నెమలోళ్ళా!" ఆవిడ మొహం విప్పారింది. "రా రా, వంటింట్ల పెట్టినం. ఉన్నవాటన్నిట్లో అదొక్కటే మంచిగుంది."

వంటింటి కిటికీలో నెమలి ఉంది. ఎండ దాని మీదుగా పడి గచ్చంతా పింఛం పరిచింది. ఆ పింఛంలో ప్రతి కన్నూ సన్నటి పైపు ముక్కని ఉంగరంలా కోసి, అరగదీసి, విడివిడిగా అతికించినదే. ముప్ఫై ఏడు ఉంగరాలు. దానికోసం ఇశ్రాయేలు రెండు ఆదివారాలు చర్చి కూడా ఎగ్గొట్టాడు. డబ్బులిచ్చిన వాళ్ళకి కూడా ఎప్పుడూ అంత పని చెయ్యలేదు. "మచ్చు చూసే కదా ప్రేమా మనల్ని అంచనా వేసేది" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చి ప్రేమకుమారికి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే బస్సులో దాచుకొచ్చిన కోపం రెండింతలై వచ్చింది.

"మొత్తం ఎన్ని కిటికీలండీ?"

"పది. తొమ్మిదింటికి అయిపోయినయ్. స్నానాలగదిదే మిగిలింది, దానికి చిల్లకల్లు వాళ్ళని అడిగిన్రంట." పరమేశ్వరమ్మ గొంతు తగ్గించింది. "నిన్న ఎవరో దారిన పోయే ఆయన లోపలికొచ్చి, గ్రిల్లుల షాపనుకుని, ఏ డిజైను ఎంతని అడిగిండు. సిగ్గుతో చచ్చిపోయిన. గృహప్రవేశానికి ఇంకా ఇరవై రోజులు. మా అన్నదమ్ములంతా వస్తరు. ఇదేమన్న మంచిగుందా చెప్పు?"

పెరటి గోడకి ఆనించి గోనెపట్టా కప్పిన వస్తువు కనిపించింది. ప్రేమకుమారి పట్టా ఎత్తింది. గేటు రెక్క. ఒకటే రెక్క.

"అది కీసర వాళ్ళిచ్చిన మచ్చు. రెండో రెక్క నందిగామ వాళ్ళు తెస్తరు అన్నడు మా ఆయన." ఆవిడ ఆగి, ప్రేమకుమారి వంక చూసింది. "మీరేనా?"

"మేమేనండి" అంది ప్రేమకుమారి. తరవాత కాసేపు ఆలోచించింది. "అమ్మా, ఈ మచ్చులిచ్చిన వాళ్ళ పేర్లేమన్నా మీకు తెలుసాండి?"

"పేర్లకేం తక్కువ. ప్రతిదానికీ చీటీ కట్టి ఉంటది చూడు. మిరపకాయల మచ్చు సంచికి కట్టినట్టే. పేరు, ఊరు, తారీఖు. ఆ అలవాటు ఎక్కడికీ పోదు."

నిజమే. ప్రతి గ్రిల్లుకీ కింది మూల పురికొసతో అట్టముక్క కట్టి ఉంది. ప్రేమకుమారి చేతిసంచిలోంచి కొటేషన్ల పుస్తకం తీసి, కిటికీ కిటికీకీ తిరుగుతూ తొమ్మిది చీటీలూ ఎక్కించుకుంది. ఎందుకని పరమేశ్వరమ్మ అడగలేదు. పైగా ఎత్తుగా ఉన్న కిటికీ దగ్గర స్టూలు వేసి పట్టుకుంది.

*

శ్రీమన్నారాయణ గారి గురించి ఒక మాట చెప్పాలి. గల్లాపెట్టె ముందు కూర్చున్నంతసేపూ ఆయన నోట "లేదు" అనే మాట రాదు. అది లక్ష్మి కూర్చునే చోటు, అక్కడ ఆ మాట అంటే ఆవిడ నిజమనుకుని లేచిపోతుందని వాళ్ళ తాతగారి నమ్మకం. సరుకు అయిపోతే "నిండుకుంది" అంటారు. ఇవ్వడం ఇష్టంలేకపోతే "చూద్దాం" అంటారు. అసలు మాట్లాడడమే ఇష్టంలేకపోతే "శుక్రవారం రా" అంటారు. ఈ మూడింటినీ ప్రేమకుమారి పదకొండు వారాలు ఆశ అనుకుంది. ఇవాళ అదే నియమాన్ని పట్టుకుని ఆయన్ని అక్కడికక్కడే కట్టెయ్యాలని బయల్దేరింది.

శెట్టిగారు అగరొత్తులు గుచ్చి, గల్లా ముందు పరుపు మీద సర్దుకుంటూ ఉండగానే గుమ్మంలో నిలబడింది. ఇంకా ఎవరూ రాలేదు.

"వచ్చావా అమ్మా! రెక్క ఏది తల్లీ?"

"అది తర్వాతండి. ముందు బోణీ చేస్తా. పావుకిలో ఎండుమిరపకాయలు ఇయ్యండి."

శెట్టిగారు నవ్వారు. ఆ కొట్లో బస్తాకి తగ్గిన బేరం ఆయన పుట్టాక జరగలేదు. "మనది హోల్‌సేలు కదమ్మా."

"అంటే లేదంటారా అండి?"

ఆయన ఉలిక్కిపడి గోడ మీది లక్ష్మీదేవి పటం వంక చూశారు. "ఎవరన్నారు? ఆ మాట నేనన్నానా? బోణీ బేరం ఎవరన్నా వెనక్కి పంపుతారా?" అని లేచి, బస్తాలోంచి గుప్పెళ్ళతో తీసి కాటా మీద పోశారు. బస్తాలు తూచే కాటా అది. పావుకిలో దాని మీద పడ్డట్టు దానికే తెలియలేదు, ముల్లు కదల్లేదు. ఇంకో గుప్పెడు పోశారు. ఇంకోటి. చివరికి కాటాని వదిలి, చేత్తో అంచనా వేసి కాగితంలో పొట్లం కట్టారు.

"తరుగు కలపలేదేంటండీ?" అంది ప్రేమకుమారి.

"తరుగా?"

"రైతు బస్తా తెస్తే క్వింటాకి రెండు కిలోలు తరుగు తీస్తారు గదండి. తేమనీ, దుమ్మనీ, కాయలకి కాడలు, తొడాలుంటాయనీ. ఇప్పుడు నేను కొంటున్నా. నాకూ కలపాలిగా."

"అది కొనేవాళ్ళు తీసుకునేదమ్మా."

"నేను కొనేదాన్నే గదండి."

శెట్టిగారు ఆలోచించారు. ఆయన నలభై ఏళ్ళ వ్యాపారంలో ఎవరూ ఈ వైపు నుంచి రాలేదు. నాలుగు కాయలు తీసి పొట్లంలో వేశారు.

"మరి ఆరో శుక్రవారం మా గ్రిల్లు తూకంలో కూడా క్వింటాకి రెండు కిలోలు తరుగు తీస్తానన్నారు. ఇనుముకి తొడాలెక్కడియ్యండి?"

"తొడాలు ఉండవు, తుప్పు ఉంటదిగా! అది రాలిపోతే ఆ బరువు నష్టం ఎవరిది?"

"నిన్న చేసిన గ్రిల్లుకి తుప్పేంటండీ?"

"ఇవాళ లేకపో..." అని గబుక్కున నాలిక కరుచుకుని, "రేపు వస్తదిగా" అని సర్దుకున్నారు.

ప్రేమకుమారి పొట్లం డబ్బులిచ్చింది. ఆయన కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకున్నారు. బోణీ అయింది. ఇక ఆవిణ్ణి ఉత్త చేతులతో పంపితే రోజంతా వ్యాపారం సాగదని ఆయన మనసు పీకుతుంది. అది ఇద్దరికీ తెలుసు.

"మీ ఇల్లు చూసొచ్చానండి" అంది.

కానీ శెట్టిగారు తొణికే మనిషి కాదు. "చూశావూ! ఎట్లా ఉంది?"

"పది కిటికీలు, తొమ్మిది మచ్చులు."

"మరి మచ్చు చూడకుండా సరుకెట్లా తీసుకుంటానమ్మా? నాలుగూ చూడాలి, పోల్చాలి."

"గోడలో సిమెంటేసి బిగించి పోలుస్తారాండి?"

"బిగిస్తేనేగా తెలిసేది! ఎండకెట్లా ఉంటది, వానకెట్లా ఉంటది..." ఆయన మొహంలో ఎక్కడా తప్పు చేసిన గుర్తు లేదు. నిజం చెప్పాలంటే ఆయన తప్పు చేశాననుకోవడం లేదు. జీవితంలో ఒక్కసారి కూడా డబ్బిచ్చి మిరపకాయలు కొనుక్కోని ఇల్లది. రోజూ వచ్చే మచ్చు సంచులతోనే ముప్ఫై ఏళ్ళు కారం కొట్టుకున్నారు. మిరపకాయలకి పనికొచ్చిన పద్ధతి ఇనుముకి ఎందుకు పనికిరాదో ఆయనకి నిజంగానే తెలియదు.

ప్రేమకుమారి కొంగు బిగించింది. "శెట్టిగారూ, పెళ్ళికాకముందు పదేళ్ళు నేను మిరపకాయల కొట్లల్లో తొడాలు తీశానండి. ఆ ఘాటుకి దగ్గి దగ్గి పెరిగినదాన్ని. మచ్చు సంగతి నాకు తెలుసు. చీటీ కట్టిన మచ్చు ఒక్క రాత్రి కొట్లో నిద్రచేసిందంటే సరుకు కొన్నట్టే. తెల్లారి ధర పడిపోయినా కొన్నాయన మాట మార్చకూడదు. ఈ కొట్లో ఆ పద్ధతి ఉందా అండి?"

ఇక్కడ శెట్టిగారు ఒక పొరపాటు చేశారు. వ్యాపారస్తుడు చెయ్యకూడని పొరపాటు, పరువున్నవాడు చెయ్యకుండా ఉండలేని పొరపాటు. ఛాతీ విరుచుకున్నారు.

"ఉందా అని అడుగుతావేంటి? మా నాయన పెట్టిన పద్ధతి అది! ఒక ఏడు పొద్దున్నకి క్వింటాకి మూడొందలు పడిపోయింది. కొట్లో మచ్చులున్నయ్, చీటీలు కట్టి ఉన్నయ్. మొత్తం సరుకు పాత ధరకే దించుకున్నాం. మా అమ్మ గాజులు పోయినయ్. మాట పోలేదు. ఈ బజార్లో ఎవర్నైనా అడుగు."

"అడగక్కర్లేదండి, మీరే చెప్పారుగా." ప్రేమకుమారి పుస్తకం తెరిచింది. "నెమలికి చీటీ కట్టింది మార్చి అయిదో తారీఖు. యాభై రాత్రులు నిద్రచేసింది. హంసలు మార్చి పది. ద్రాక్షలు మార్చి పద్దెనిమిది..." అని తొమ్మిదీ చదివింది. "ఒక్కొక్కరూ పది కిటికీలకీ, ఒక గేటుకీ కొటేషన్ ఇచ్చినవాళ్ళే గదండి. మీ పద్ధతి ప్రకారం తొమ్మిది మంది దగ్గరా సరుకు కొనేశారు. అంటే తొంభై కిటికీలు, తొమ్మిది గేట్లు."

శెట్టిగారు పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నారు. లెక్క సరిపోయింది. అదే ఆయన బాధ.

"ఇల్లేమో ఒకటి" అంది ప్రేమకుమారి.

"అది మిరపకాయల పద్ధతమ్మా. ఇనుముకీ..."

"ఇనుముకి తరుగు ఉన్నప్పుడు మాట ఉండదాండి?"

బయట ఎడ్లబండి ఒకటి ఆగింది. రైతు గుమ్మంలోకి వచ్చి తొంగిచూశాడు. శెట్టిగారు చేత్తోనే ఆగమన్నారు.

"అడ్రసులు రాసుకున్నానండి. తలా ఒక కార్డుముక్క వేస్తే చాలు. గృహప్రవేశం నాటికి తొమ్మిది మందీ వస్తారు. సరుకు దించుకుంటారా, లేకపోతే మచ్చు విప్పుకుని పొమ్మంటారా అని అడుగుతారు. పరమేశ్వరమ్మగారి అన్నదమ్ములు కూడా ఆ టైముకి అక్కడే ఉంటారంట."

"ఇది బెదిరింపా?"

"అయ్యో, కాదండి. శుభలేఖలు."

అగరొత్తి బూడిద రాలింది. శ్రీమన్నారాయణ గారు దాన్ని వేలితో అద్ది తీసి, పక్కన పెట్టి, చివరికి నిట్టూర్చారు. "సరే. మచ్చులన్నీ ఎవరివి వాళ్ళకి పంపించేస్తా. పది కిటికీలూ నెమళ్ళే పెట్టు, గేటు కూడా నువ్వే చెయ్యి. మా ఆవిడ పోరు కూడా తగ్గుద్ది. రేటు చెప్పు."

"కిలో ముప్ఫై ఆరు."

"కొటేషన్‌లో ముప్ఫై రెండే కదా!"

"అది పదకొండు శుక్రవారాల కిందటి రేటండి."

అంతే. ఆ తర్వాత ప్రేమకుమారి నోరు మూసుకుంది. రేటు చెప్పాక ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడని తొడాలు తీసే రోజుల్లో చూసి చూసి నేర్చుకున్న విద్య అది. దాన్ని మొగుడికి నేర్పాలని ఎన్నోసార్లు చూసింది. ఇశ్రాయేలు పదంకెలు లెక్కపెట్టేలోపే లొంగిపోయేవాడు.

శెట్టిగారు ఆమె వంక చూశారు. ఆమె పంకా వంక చూసింది.

"ముప్ఫై రెండే కాగితం మీద ఉంది" అన్నారు.

ఆమె పలకలేదు.

"పోనీ ముప్ఫై మూడు."

గుమ్మంలో రైతు దగ్గాడు. ప్రేమకుమారి పొట్లం ముడి సరిచేసుకుంది.

"ముప్ఫై నాలుగు. దానికి మించి ఎవడిస్తాడమ్మా? తరుగు కూడా తియ్యను, సరేనా? రంగు ఖర్చు నాదే. ఏమన్నా మాట్లాడు తల్లీ!"

"సరేనండి" అంది ప్రేమకుమారి. రంగు ఖర్చు ఆమె అడగనే లేదు. ఆ క్షణంలో ఇశ్రాయేలు పక్కన ఉండి చూస్తే బాగుండునని ఎంతగానో అనిపించింది. కాళ్ళల్లోంచి పన్నెండు శుక్రవారాల అలుపు ఒక్కసారిగా దిగిపోయింది.

శెట్టిగారు రైతు బేరం చూసి పంపి, స్థిమితంగా కొటేషన్ కాగితం వెనకాల అంతా రాశారు. పది కిటికీలు, నెమళ్ళు, గేటు రెండు రెక్కలు, పద్దెనిమిది రోజుల గడువు. సంతకం పెట్టారు. గల్లాలోంచి అడ్వాన్సు తీసి, ఒక రూపాయి కలిపి చేతిలో పెట్టారు. అప్పుడు గోడ గడియారంలో పన్నెండుకి పది నిమిషాలు తక్కువ.

"వస్తానండి. ఫోను చెయ్యాలి" అంది.

"కూర్చోండి" అన్నారు శెట్టిగారు.

ప్రేమకుమారి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరన్నా వచ్చారేమోనని. ఎవరూ లేరు. పన్నెండు శుక్రవారాల్లో ఆ కొట్లో ఆమెని ఎవరూ కూర్చోమనలేదు. అండీ అని అసలే అనలేదు. ఎదురుగా ఉన్న కుర్చీ అంచు మీద జాగ్రత్తగా కూర్చుంది.

"నేను రైతుల దగ్గర కొంటా, గుంటూరు వాళ్ళకి అమ్ముతా" అన్నారాయన. "కొనేటప్పుడు నా అంతవాడు ఉండడు. అమ్మేటప్పుడే నా వల్ల కాదు. ఆ గుంటూరు వాళ్ళు వచ్చి కూర్చుంటారు, రేటు అడుగుతారు, చెప్తా. ఇక ఉలుకూ పలుకూ ఉండదు. టీ తాగుతారు, పేపరు చదువుతారు. నేనే తగ్గిస్తా, నేనే మళ్ళీ తగ్గిస్తా. ఇప్పుడు చూశారుగా. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలీదు."

ప్రేమకుమారి ఆశ్చర్యంగా చూసింది. జగ్గయ్యపేట బజారునంతా వణికించే మనిషిలో తన ఇశ్రాయేలే కూర్చుని ఉన్నాడు. కోపమంతా పోయి జాలేసింది. అది కూడా ఒక రకం ప్రమాదమే.

"మీరు వచ్చి నా పక్కన కూర్చోండి. సీజన్లో రోజూ, మిగతా రోజుల్లో వారానికి మూడు రోజులు. అమ్మకం రేటు మీరు చెప్పాలి, చెప్పి ఊరుకోవాలి. అంతే పని. నెల జీతం. ఎంతో మీరే చెప్పండి, నేను బేరం ఆడను."

కిటికీకి ఎంత, గేటుకి ఎంత, రెడాక్సైడు పూతకి ఎంత అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు ప్రేమకుమారి. తనకి ఎంత అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తను కూడా ఎప్పుడూ ఆ లెక్క వేసుకోలేదు. పిల్లప్పుడు ఇలాంటి కొట్లోనే గచ్చు మీద కూర్చుని తొడాలు తీసినదానికి, గల్లా పక్కన కుర్చీ వేస్తామంటున్నారు. కావాలనిపించింది. దాచిపెట్టడం ఎందుకు, చాలా కావాలనిపించింది.

గల్లా పక్కనున్న ఫోను మోగింది. శెట్టిగారు ఎత్తి విని, ఆమెకి అందించారు. "మీ ఆయన."

"ప్రేమా! పన్నెండవుతుంది, ఏమైంది?" షెడ్డు పక్క ఎస్టీడీ బూతులోంచి ఇశ్రాయేలు గొంతు. "ఫోర్‌మన్ గారు నా పక్కనే నిలబడి ఉన్నారు."

"కుదిరింది. పది నెమళ్ళు, గేటు. కిలో ముప్ఫై నాలుగు. తరుగు లేదు, రంగు వాళ్ళదే."

"దేవుడికి స్తోత్రం!" ఆ అరుపు శెట్టిగారికి కూడా వినబడింది. "ఫోర్‌మన్ గారూ, ఏమనుకోమాకండి, సంతకం లేదండి ఇంక. మీరు టీ తాగి వెళ్ళండి. ప్రేమా, నువ్వు మామూలు మనిషివి కాదే!"

"ఇంకో మాట. శెట్టిగారు నన్ను కొట్లో పనికి రమ్మంటున్నారు. జీతమిచ్చి. రోజూ రావాలంట."

"మంచిదేగా! రెండు సంపాదనలవుతయ్." కాస్త ఆగాడు. "మరి మన కొటేషన్ల సంగతి?"

"నువ్వు చూసుకోవాలి."

"నేనా?"

"అంత కష్టమేం కాదయ్యా. రేటు చెప్పాలి, చెప్పి నోరు మూసుకోవాలి. అంతే."

అటునుంచి మాట లేదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఇశ్రాయేలు అంతసేపు మౌనంగా ఉండడం అదే మొదలు. ప్రేమకుమారి రెండుసార్లు హలో అంది. ఆ తర్వాత గొంతు వినబడింది గానీ, ఆ మాట ఆమెతో అన్నది కాదు.

"ఫోర్‌మన్ గారూ, ఆగండాగండి. ఆ పెన్ను ఇటివ్వండి."